బొమ్మ రాని గేమ్ కన్సోల్: మరమ్మతు చట్టాల్లో మినహాయింపు ఎందుకు?

సంపాదకుడికి,

పాడైన వస్తువును యజమాని తానే బాగుచేసుకునేందుకు వీలు కల్పించే చట్టాలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. వాటిలో గేమ్ కన్సోల్‌ను, అంటే టీవీకి తగిలించి వీడియో ఆటలాడే యంత్రాన్ని, మాత్రం పనిగట్టుకుని తప్పిస్తున్న తీరు సమంజసంగా లేదు. అమెరికాలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కాలిఫోర్నియా, మిన్నెసోటా చట్టాలు రెండూ వీడియో గేమ్ కన్సోళ్లను పేరు పెట్టి మరీ మినహాయించాయి. ఆటలను కాపీ చేయకుండా అడ్డుకునే లోపలి రక్షణ తాళాలు తెలిసిపోతే దొంగ కాపీలు పెరుగుతాయన్నది పరిశ్రమ చెప్పే కారణం.

టీవీలో బొమ్మ రాని కన్సోల్ విషయంలో ఈ కారణం నిలవదు. బటన్ నొక్కగానే బీప్ వినిపించి, లైటు మామూలుగా వెలిగి, కంట్రోలర్ కూడా కలుస్తూ, తెరపై మాత్రం 'సిగ్నల్ లేదు' అని వస్తోందంటే, లోపం చాలావరకు హెచ్‌డీఎంఐ దారిలోనే, అంటే బొమ్మను, శబ్దాన్ని టీవీకి చేర్చే కేబులు, పోర్టు, వాటి వెనుక భాగాల్లోనే ఉంటుంది. కేబులు, టీవీ పోర్టు మార్చి చూడటం ఎవరైనా చేయగలరు. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 4ను పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను రెండో బీప్ వచ్చేదాకా సుమారు 7 సెకన్లు నొక్కి ఉంచితే, లోపాలు సరిచేసుకునే ప్రాథమిక మెనూ అయిన సేఫ్ మోడ్ వస్తుంది. అక్కడ రిజల్యూషన్ (బొమ్మ స్పష్టత స్థాయి) మార్చుకోవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే టార్చి వేసి పోర్టులోకి చూడాలి. కేబులును వంకరగా గుచ్చిన పోర్టులో 19 పిన్నుల్లో ఏదో ఒకటి వంగి పక్కదాన్ని ఆనుకుని కనిపించడం మామూలే.

అసలు చిక్కు మూత తీశాక మొదలవుతుంది. మల్టీమీటర్ అనే విద్యుత్ కొలత పరికరాన్ని డయోడ్ మోడ్‌లో పెట్టి పోర్టులో సిగ్నల్ మోసే పిన్నుల జతలను ఒక్కొక్కటిగా కొలిస్తే అన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపాలి. ఒకటి మాత్రం సున్నా చూపిందనుకుందాం. దోషం పోర్టుదా, దాని వెనుక వరుసగా ఉండే సిగ్నల్‌లోని అనవసర అలజడిని వడకట్టే బుల్లి ఫిల్టర్లదా, సిగ్నల్ పంపే చిప్‌దా తేల్చుకోవాలంటే ఏ భాగం దేనికి కలుస్తుందో చూపే సర్క్యూట్ పటం కావాలి. అది తయారీదారు బయటపెట్టడు. ఆ పోర్టుకు గానీ, ఆ ఫిల్టర్లకు గానీ ఆటల కాపీ రక్షణతో ఏ సంబంధమూ లేదు.

పోర్టు మార్చడం అందరికీ చేతనయ్యే పని కాదన్నది నిజమే. దాని కాళ్లు బోర్డులోని వెడల్పాటి రాగి రేకు లాంటి గ్రౌండ్ పొరకు అతికి ఉండి వేడిని పీల్చేస్తాయి కనుక, తొందరపడి లాగితే రాగి ప్యాడ్లు ఊడివస్తాయి. అయితే సమాచారం దాచినంత మాత్రాన జనం ప్రయత్నాలు మానరు, నాటు వైద్యానికి దిగుతారు. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో, ముందు ఎర్ర లైట్లు వెలిగి యంత్రం పనిచేయకుండా పోయే లోపం విస్తరించి, 2007 జూలైలో ఆ సంస్థ వారంటీని మూడేళ్లకు పెంచి వంద కోట్ల డాలర్లకు పైగా భారం మోయాల్సి వచ్చిన రోజుల్లో, ఎంతోమంది కన్సోల్‌ను తువ్వాలులో చుట్టి వేడెక్కించారు. పగుళ్లు చిప్ ప్యాకేజీ లోపలి అతుకుల్లో ఉన్నాయని సంస్థ వివరంగా చెప్పింది 2021లో! అంత ఆలస్యంగా తెలిసిన నిజం ఏ యజమానికి పనికొస్తుంది?

డిస్క్ డ్రైవును మదర్‌బోర్డుతో (ప్రధాన సర్క్యూట్ బోర్డుతో) జతచేసే తాళం వంటివాటికి మినహాయింపు తప్పదనుకుంటే, దాన్ని ఆ తాళాల వరకే ఉంచి, పెట్టె మొత్తానికి వర్తింపజేయకుండా చట్టసభలు సవరించాలి. పోర్టు, ఫిల్టర్లు, వీడియో సిగ్నల్ చిప్‌ల విడిభాగాలను, వాటికి సంబంధించిన పటాన్ని, విద్యుత్ భాగాన్ని తాకేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలతో సహా, కన్సోల్ అమ్మకాలు మొదలైన నాటి నుంచే తయారీదారులు అందుబాటులో ఉంచాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు