అర్జీకి రసీదు ఉంది, మాటకి లేదు: పంచాయతీరాజ్ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపముఖ్యమంత్రి, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి శ్రీ పవన్ కళ్యాణ్ గారికి నమస్కారాలతో,

నాకు 24 ఏళ్ళు. పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి వైపు ఒక చిన్న పంచాయతీలో నా ఓటు ఉంది. మనిషిని మాత్రం హైదరాబాదులో, ఆరుగురు ఆడపిల్లలం సర్దుకునే ఒక హాస్టలు గదిలో ఉంటాను. మా ఊళ్ళో నా ఈడువాళ్ళలో చాలామంది ఇంతే. తాపీ పనికి కొందరు, కోచింగులకి కొందరు, బెంగళూరులో డెలివరీ బండ్ల మీద కొందరు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులేనని చట్టం చెప్తోంది. ఆ లెక్కన 18 నిండిన రోజు నుంచి నేనూ సభ్యురాలినే. ఈ ఆరేళ్ళలో నేను వెళ్ళగలిగిన గ్రామసభ ఒక్కటి.

ఆ ఒక్కదాని గురించి చెప్పాలి. ఒక అక్టోబరు 2న సెలవు కలిసొచ్చి ఊళ్ళో ఉన్నాను. బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు పెద్దవాళ్ళకి. ఆడవాళ్ళం వెనకాల వేపచెట్టు కింద. ఒకరు పనుల జాబితా చదివారు: ఫలానా బజారులో సీసీ రోడ్డు, ఫలానా వాళ్ళ ఇంటి నుంచి సైడు కాలువ. చదవడం పూర్తికాకముందే తీర్మానాల పుస్తకం సంతకాలకి తిరుగుతోంది. నేను లేచి నిలబడ్డాను. "ఏమ్మా, అర్జీ ఏమన్నా ఉంటే ఇటివ్వు" అన్నారు జాబితా చదివినాయన. అర్జీ కాదండీ, ఒక మాట చెప్పాలి అన్నాను. "మాటైతే తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు.

మర్యాదగానే అన్నారు. ఆయనకి తెలిసిన సభ అదే.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఇది. మా ప్రాంతం నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్త కాదు. నేను బీఎస్సీలో కెమిస్ట్రీ చదివాను. మా ఊరి వాటర్ ప్లాంటు మంచినీళ్ళను క్యాన్లలోకి పట్టి, మిగిలిన నీళ్ళను పక్కనే ఉన్న గుంటలోకి వదిలేస్తుంది. ఆర్వో పద్ధతిలో తీసేసిన ఫ్లోరైడ్ మాయమైపోదు కదా, ఆ వదిలేసిన నీళ్ళలోనే ఇంకా చిక్కబడుతుంది. ఆ గుంటలో గొడ్లు తాగుతాయి. నాలుగు బారల దూరంలో చేతిపంపు ఉంది. ఆ నీళ్ళను ఎటు మళ్ళిద్దాం, అందరం కలిసి చూద్దామా అని అడుగుదామనుకున్నాను. డబ్బు లేదనడానికీ లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చుపెట్టాలన్న నియమం పెట్టారు. కానీ ఈ మాట చెప్పడానికి ఏ ఫారం నింపాలి? ఇది నాకు రావలసిన ఇంటిస్థలం కాదు, మా అవ్వ పింఛనూ కాదు.

1997లో జన్మభూమి మొదలైనప్పుడు నేనింకా పుట్టలేదు. అధికారులు ఊరికొచ్చి చెట్టుకింద కూర్చున్న కథలు మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. తర్వాత రచ్చబండ, ఆ తర్వాత స్పందన, ఇప్పుడు సోమవారం సోమవారం కలెక్టరేట్లో అర్జీలు. పక్క రాష్ట్రంలో 2023 డిసెంబరు 28 నుంచి పదిరోజులు ప్రజాపాలన సభలు పెడితే వచ్చింది కోటికి పైగా దరఖాస్తులు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. సభంటే అర్జీ అన్న అర్థం మాత్రం అలాగే నిలిచింది. అర్జీని నేను చిన్నచూపు చూడటం లేదు, మా ఇంట్లో రేషను కార్డు దానివల్లే వచ్చింది. దానికి నంబరు ఉంటుంది, గడువు ఉంటుంది, ఎవరి టేబులు మీద ఆగిందో ఫోన్లో కనపడుతుంది. మాటకి ఇవేవీ ఉండవు.

2019లో ఊరూరా సచివాలయాలు పెట్టి, 50 ఇళ్ళకి ఒక వాలంటీరు చొప్పున లక్షల మంది కుర్రవాళ్ళను పనిలోకి తీసుకున్నారు. ఆ వ్యవస్థ మంచిచెడ్డలు పార్టీలు తేల్చుకుంటాయి. నా దిగులల్లా ఒకటే. ఏ ఇంట్లో ఏం కొరతో అంత దగ్గరగా చూసినవాళ్ళను, ఈ పథకాన్ని ఎలా మారిస్తే బాగుంటుందో చెప్పమని కూర్చోబెట్టి అడిగినట్టు నేను వినలేదు. ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వడానికి కాళ్ళు కావలసి వచ్చాయి, అంతే.

మమ్మల్ని అసలు పిలవడం లేదని కాదు. పిలుస్తున్నారు, పోటీలకి. 2019 నుంచి జాతీయ యువ పార్లమెంటు పోటీలున్నాయి. 2025 నవంబరు 26న అమరావతిలో 175 నియోజకవర్గాల నుంచి వచ్చిన పిల్లలతో మాక్ అసెంబ్లీ పెట్టారు. టీవీలో చూశాను, ఆ పిల్లలు నిజంగానే బాగా మాట్లాడారు. కాలేజీ రోజుల్లో ఒక వక్తృత్వ పోటీలో నాకూ రెండో బహుమతి వచ్చింది, తాగునీటి మీదే. షీల్డు ఇంట్లో బీరువా మీద ఉంది, గుంట ఊళ్ళో ఉంది. మాక్ పార్లమెంటు, మాక్ అసెంబ్లీ, మాక్ టెస్టు... మా వయసుకి దొరికేవన్నీ మాకులే. ఎలా మాట్లాడామో చూసి మార్కులేస్తారు. ఏం మాట్లాడామో చూసి జవాబివ్వాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు.

ఇక మీ దగ్గరికే వస్తాను. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టించారు. రికార్డు వచ్చింది. మైసూరివారిపల్లె సభలో మీరే కూర్చున్నారు. అక్కడి బడికి ఆటస్థలం లేదని తెలిసి, సొంత డబ్బుతో స్థలం కొనిచ్చారు. పేపర్లో చదివి మా హాస్టలు మొత్తం సంతోషపడింది. నాకు మాత్రం ఆ రాత్రి ఒక లెక్క తోచింది: మిగిలినవి 13,325 పంచాయతీలు. ప్రతి ఊరికీ మీరు రాలేరు, మీ జేబు చాలదు. ఆ ఊరి పిల్లల మాట మంత్రి చెవిన పడింది కాబట్టి నెగ్గింది. మంత్రి రాని ఊళ్ళో మాట నెగ్గాలంటే ఏం ఉండాలి?

పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకి కేంద్రం తొమ్మిది ఇతివృత్తాలు ఇచ్చింది. బాలల నేస్తంగా ఉండే పంచాయతీ అని ఒకటి, మహిళల నేస్తంగా ఉండే పంచాయతీ అని ఒకటి. నీరు, ఆరోగ్యం, పచ్చదనం, సుపరిపాలన అన్నీ ఉన్నాయి. యువత పేరుతో ఒక్కటీ లేదు. గ్రామసభకి ముందు బాలసభ పెట్టమంటారు, మహిళాసభ పెట్టమంటారు. బాలసభ వయసు దాటి, పెద్దల కుర్చీ దాకా చేరని మేము ఏ సభలోకి రావాలి? 21 ఏళ్ళకే సర్పంచిగా పోటీ చేయొచ్చంటుంది రాజ్యాంగం. పోటీ చేయడానికి పనికొచ్చిన వయసు, ప్రణాళిక ముందు ఒక పూట కూర్చుని మాట్లాడటానికి పనికిరాదా?

ఇలా కూర్చోబెట్టి మాట్లాడించడం మన దేశంలో జరగనిది కాదు. కేరళలో 1996 ఆగస్టు 17న ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇస్తామని ముందే చెప్పారు. గ్రామసభలు సెలవురోజుల్లో పెట్టారు. వచ్చినవాళ్ళను సాగు, నీరు, చదువు, ఆరోగ్యం అని చిన్న గుంపులుగా విడగొట్టారు. ప్రతి గుంపుకీ ముందే తయారుచేసిన ప్రశ్నలు, మాట పక్కదారి పట్టకుండా చూసే శిక్షణ పొందిన మనిషి. గుంపులు తేల్చినదాన్ని రాసి, తర్వాతి సదస్సు ముందు పెట్టారు. యూరప్‌లో కూడా యువతతో ప్రభుత్వాలు 18 నెలలకి ఒక అంశం చొప్పున తీసుకుని వరసగా చర్చలు నడుపుతాయి. అక్కడా బాగా చదువుకున్న, ముందే సంఘాల్లో ఉన్న పిల్లలే వస్తున్నారన్న విమర్శ ఉంది. కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకోమని అనను. ఒక అంశం, ఒక గడువు, ఒక జవాబు అన్న వరస మాత్రం తీసుకోదగ్గది.

నేను అడిగేది ప్రతి ప్రణాళికకి ముందు ఒక యువసభ. దానికి తేదీ నేను చెప్తాను: ముక్కనుమ. ఏడాదిలో మా ఊరు మళ్ళీ ఊరులా కనపడేది సంక్రాంతి నాలుగు రోజులే. తాపీ మేస్త్రీలు, డెలివరీ కుర్రాళ్ళు, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు అందరూ వస్తారు. భోగి, పండగ, కనుమ ఎవరూ కదలరు. ముక్కనుమ పొద్దున పది నుంచి పన్నెండు దాకా పెట్టండి. పన్నెండు దాటితే మాంసం కూర ముందు మీ రాజ్యాంగం కూడా నిలవదు.

ఎక్కడ పెడతారన్నది చిన్న విషయంగా చూడకండి. రామాలయం అరుగు మీదైతే కాలనీ పిల్లలు రారు, రచ్చబండ దగ్గరైతే ఆడపిల్లలు రారు. బడి గదుల్లో పెట్టండి. వేదిక వద్దు, శాలువాలు వద్దు, ఫ్లెక్సీ అసలే వద్దు. ఫ్లెక్సీ ఉంటే ఫొటో ఉంటుంది, ఫొటో ఉంటే ఎవరిది పెద్దదన్న తగాదా ఉంటుంది. గదికి పన్నెండు మంది, నేల మీద గుండ్రంగా. ఆడపిల్లలకి మొదటి గంట విడిగా ఒక గది. అన్నల ముందు మాట్లాడలేని మాటలు చాలా ఉంటాయి.

పార్టీ కుర్రాళ్ళే వచ్చి కూర్చుంటారని మీ అధికారులు అంటారు. నిజమే, వస్తారు, రానీయండి. వాళ్ళతోపాటు ఓటర్ల జాబితాలో 18 నుంచి 29 ఏళ్ళ వాళ్ళ పేర్లు రాసి సగం మందిని చీటీలు తీసి పిలవండి. పదో శతాబ్దంలోనే తమిళనాడులోని ఉత్తరమేరూరులో కుండలో తాటాకు చీటీలు వేసి ఊరి పెద్దలను ఎంచుకున్నారని శాసనం ఉంది. ఆ శాసనం ప్రకారం 35 ఏళ్ళు నిండనివాళ్ళకి కుండలో చోటు లేదు. వెయ్యేళ్ళు దాటింది, ఆ ఒక్క నియమం ఇప్పుడు సడలించవచ్చు.

వారం ముందు ఒక కాగితం మా ఫోన్లకి రావాలి, తెలుగులో. ఈ ఏడాది పంచాయతీకి వచ్చే డబ్బెంత, అందులో దేనికి కట్టుబడి ఉన్నదెంత, మన ఇష్టానికి మిగిలేదెంత, పోయినేడు దేనికి ఖర్చయింది. పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఉందిగా అనకండి. నేను చూశాను. ఏ పని మా ఊళ్ళో ఏ మూలదో పోల్చుకోవడానికి నాకే ఒక సాయంత్రం పట్టింది. లెక్క తెలియకుండా మాట్లాడమంటే మేమూ స్టేడియం అడుగుతాం. లెక్క తెలిస్తే గుంట దగ్గర పైపు అడుగుతాం.

మా ఆడపిల్లలను కదిపితే మొదట వచ్చే మాట బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో మాకు టికెట్టు లేదు, మంచిదే. మా ఊరికి కాలేజీ వేళకి బస్సే లేదు. బస్సు పంచాయతీ చేతిలో ఉండదని మాకూ తెలుసు. అందుకే యువసభ పుస్తకంలో పేజీకి మధ్యగా గీత కొట్టి, ఎడమ పక్క పంచాయతీ చేయగలిగినవి, కుడి పక్క పైకి పంపవలసినవి రాయాలి. 60 రోజుల్లో సచివాలయం గోడ మీద ప్రతి మాటకీ ఎదురుగా జవాబు అంటించాలి. చేస్తాం అంటే ఎప్పటికి, పైకి పంపాం అంటే ఎవరికి, చేయలేం అంటే ఎందుకు. చేయలేం అన్నా మేం అలగం. ఎందుకో తెలిస్తే వచ్చే ఏడు ఇంకో దారి వెతుకుతాం. ఈ 60 రోజుల నియమం లేకుండా యువసభ పెట్టేటట్టయితే దయచేసి పెట్టకండి. తీర్మానాల పుస్తకంలో సంతకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

13,326 పంచాయతీల్లో ఒకేరోజు వద్దు. ఆ రికార్డు మీ దగ్గర ఉంది. మొదటి ఏడు మండలానికి ఒక పంచాయతీ చాలు. మాటను గాడిలో పెట్టే మనిషిని మాత్రం పక్క మండలం నుంచి పంపండి. సొంత ఊరివాళ్ళయితే ఎవరి పిల్ల ఏం మాట్లాడిందో సాయంత్రానికల్లా ఇంటికి చేరుతుంది.

ఒక్క విన్నపం. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, సంక్రాంతి టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. నవంబరు మొదటి వారంలోపు మీ ఉత్తర్వు వస్తే, తిరుగు టికెట్టు కనుమ రాత్రికి కాకుండా ముక్కనుమ రాత్రికి తీసుకుంటాం.

ఇట్లు,
పశ్చిమ ప్రకాశంలో ఒక గ్రామసభ సభ్యురాలు