పెళ్లిళ్లే లేని నెలలకు కట్ చేసిన డబ్బులు తిరిగి ఇవ్వండి, మా కస్టమర్ అయిన పెళ్లికూతురి ఫోటో ఇవాళే తీసేయండి

కస్టమర్ సపోర్ట్ వాళ్లకీ, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ గారికీ,

విషయం: 2024 ఏప్రిల్‌లో మీ సైట్‌లో మేము తీసుకున్న వెండర్ ప్లాన్ (పెళ్లి పనులు చేసేవాళ్లు డబ్బు కట్టి తమ పేజీ పెట్టుకునే ప్లాన్), దాని పేరు మీద మా కార్డు నుంచి అదనంగా తీసుకున్న మూడు వాయిదాలు, మా పేజీలో మీరు పెట్టిన ధర, మా కస్టమర్ ఫోటో.

నమస్తే. మేము రాజమండ్రిలో పెళ్లి డెకరేషన్ చేస్తాం. మండపం, స్టేజీ, ఎంట్రన్స్ ఆర్చి, లైటింగ్ మా ఆయన చూసుకుంటారు. పూలజడలు, తలంబ్రాల పళ్లేలు, కొబ్బరి బొండాల అలంకారం, పెళ్లికూతుర్ని చేసే రోజు ఇంటికి కట్టే తోరణాలు నేనూ, నా దగ్గర పనిచేసే అమ్మాయిలూ చేస్తాం. చిన్న వ్యాపారమే, కానీ మా ఇల్లు గడిచేదీ, ఆ అమ్మాయిల జీతాలు వచ్చేదీ దీని మీదే. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తి మళ్లీ మొదటి నుంచి చెప్పమంటున్నారు కాబట్టి ఈసారి అన్నీ ఒకేచోట రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

మొదట డబ్బు సంగతి. ఉగాది అయిన కొద్ది రోజులకి మీ సేల్స్ అబ్బాయి ఫోన్ చేసి, పెళ్లిళ్ల సీజన్ మొదలవుతోంది, రాజమండ్రిలో డెకరేషన్ కేటగిరీకి రెండే స్లాట్లు మిగిలాయి, ఈరోజు సాయంత్రంలోపు కట్టకపోతే పోతాయి అన్నాడు. నేను అప్పుడే స్పష్టంగా చెప్పాను, బాబూ, ఈ ఏప్రిల్ నెలాఖరు నుంచి మౌఢ్యం, అది వదిలేసరికి ఆషాఢం వస్తుంది, శ్రావణం దాకా మాకు ముహూర్తాలే లేవు, ఇప్పుడు ప్లాన్ తీసుకుని ఏం చేసుకోవాలి అని. దానికి అతను, డబ్బులు ఇప్పుడు కట్టండి మేడమ్, ఆఫర్ రేటు దొరుకుతుంది, మీ మూడు నెలలు మాత్రం శ్రావణం నుంచే లెక్కవేస్తాం, నచ్చకపోతే ఎప్పుడైనా ఆపేసుకోవచ్చు అన్నాడు. ఇదే మాట వాట్సాప్‌లో రాసి పంపమంటే పంపాడు. ఆ స్క్రీన్‌షాట్ ఈ మెయిల్‌కి జత చేశాను. మూడు నెలల వాయిదా 9,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 10,620 రూపాయలు ఆరోజే కట్టాం.

జూలైలో, నడి ఆషాఢంలో, మళ్లీ 10,620 కట్ అవుతుందని బ్యాంకు నుంచి ముందురోజు మెసేజ్ వచ్చింది. వెంటనే మీ వాళ్లకి ఫోన్ చేశాను. సిస్టమ్ ఆటోమేటిక్ మేడమ్, తర్వాత అడ్జస్ట్ చేస్తాం అన్నారు. చెయ్యలేదు. అక్టోబర్‌లో ఇంకొకటి తీసుకున్నారు. కార్తీకం మొదట్లో, అంటే శ్రావణం నుంచి లెక్కవేసినా మా మూడు నెలలు పూర్తయ్యే సమయానికి, ప్లాన్ వద్దు, ఆపేయండి అని మెయిల్ పెట్టాను. దానికి జవాబు, మీ రిలేషన్‌షిప్ మేనేజర్ ఫోన్ చేస్తారు అని. ఆయన ఫోన్ చేశాడు, నిజమే, కానీ ఆపడానికి కాదు, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమని. ప్లాన్ తీసుకునేటప్పుడు లింకు పంపి రెండు నిమిషాల్లో పని పూర్తి చేసినవాళ్లు, ఆపడానికి మాత్రం సైట్‌లో ఎక్కడా ఒక బటన్ పెట్టలేదు. సంక్రాంతి పండగ రోజుల్లో నాలుగో వాయిదా కూడా పోయింది. ఒక్కో వాయిదా 15,000 లోపే కాబట్టి ఓటీపీ కూడా అడగకుండా కట్ అయిపోతోంది. పండగ కాగానే బ్యాంకుకి వెళ్లి ఆ మ్యాండేట్, అంటే దానంతట అదే డబ్బు కట్ అయ్యే అనుమతి, తీయించుకున్నాం, ఇక మీకు మా కార్డు నుంచి ఒక్క రూపాయి కూడా రాదు. కానీ పోయిన డబ్బు పోయినట్టే ఉంది. మీ మాట ప్రకారం మీకు రావాల్సింది ఒక్క వాయిదా, మీరు తీసుకున్నవి నాలుగు. మూడు వాయిదాలకి 31,860 రూపాయలు మాకు తిరిగి ఇవ్వాలి.

పెళ్లిళ్ల వ్యాపారం మీద బతికే కంపెనీకి పంచాంగం తెలియకపోవడం ఏమిటండీ? మాకు ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు. ఆషాఢం ఉండదు, భాద్రపదం ఉండదు, పుష్యం ఉండదు, మధ్యలో గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో వస్తే అదీ పోతుంది. మిగిలిన మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, ఇలాంటి నెలల్లోనే మేము ఏడాది మొత్తానికి సంపాదించుకోవాలి. మూడు నెలలకో వాయిదా అని అందరికీ ఒకే గడియారం పెట్టి డబ్బు లాగితే, 2024 లాంటి ఏడాది మా లాంటివాళ్లు పనే లేని రోజులకి మీకు జీతం ఇచ్చినట్టు అవుతుంది. హాలు అద్దెలవాళ్లకి, వంటవాళ్లకి, సన్నాయి మేళం వాళ్లకి, వీడియోగ్రాఫర్లకి అందరికీ ఇదే బాధ, నేనొక్కదాన్నే అనుకోకండి.

ఇక మీరు పంపిన లీడ్స్, అంటే మీ సైట్‌లో వివరాలు నింపినవాళ్ల ఫోన్ నంబర్ల గురించి. మీకు మాత్రమే వస్తాయి అన్నారు. ఫోన్ చేసిన ప్రతిచోటా, ఒక్క పెళ్లికి ఎంతమంది డెకరేషన్ వాళ్లు ఫోన్ చేస్తారమ్మా, పొద్దుటి నుంచి ఇదే పని అయింది అని విసుక్కున్నారు. ఒకావిడ హాలు అద్దె ఎంతో చూద్దామని మీ సైట్‌లో నంబర్ ఇచ్చిందట, ఆవిడకి డెకరేషన్ వాళ్లు హాలులోనే ఉన్నారు, మాతో పనే లేదు. ఒకాయన పెళ్లి అప్పటికే అయిపోయింది. హైదరాబాద్ కొంపల్లిలో రిసెప్షన్‌కి రాజమండ్రి నుంచి స్టేజీ సామాను వేసుకుని వెళ్లగలమా లేదా అని మీ సైట్ ఒక్కసారైనా చూస్తే ఆ నంబర్ మాకు వచ్చేది కాదు. ఒక అబ్బాయి అయితే ఉద్యోగం కోసం నింపాడు. ఇవన్నీ మీ లెక్కలో లీడ్సే, డాష్‌బోర్డులో ఆకుపచ్చ గీత పైకి వెళ్తూనే ఉంది. ఆ గీత చూపించే మీ మేనేజర్, మీకు మంచి రెస్పాన్స్ వస్తోంది మేడమ్, మీరే క్లోజ్ చెయ్యలేకపోతున్నారు అన్నాడు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. మా ఆయన ముహూర్తం రాత్రి రెండు గంటలకైనా మండపం దగ్గర నిలబడే మనిషి, వచ్చిన పని వదులుకునే అలవాటు మాకు లేదు.

అసలు ఎంక్వైరీ అంటే ఏమిటో చెప్తాను, మీకు పనికొస్తుంది. ముహూర్తం ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ హాలు లేదా ఇంటి దగ్గరా, పెళ్లి ఒక్కటేనా లేక మంగళస్నానాలు, హల్దీ, సంగీత్, రిసెప్షన్ కూడానా, ఆ హాలు వాళ్లు బయటి డెకరేషన్‌ని రానిస్తారా లేదా. ముఖ్యంగా ఈ చివరిది. చాలా హాళ్లకి సొంత డెకరేటర్లు ఉంటారు, బయటివాళ్లు రావాలంటే విడిగా డబ్బు కట్టమంటారు, కొన్నిచోట్ల అసలు రానివ్వరు. ఇది అడగకుండా పంపిన నంబర్ మాకు ఎందుకూ కొరగాదు. ఈ నాలుగు ప్రశ్నలు మీ ఫారంలో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? పెడితే లీడ్స్ సంఖ్య తగ్గుతుంది, అంతే. ఆ సంఖ్య చూపించే కదా ప్లాన్లు అమ్ముతున్నారు, అందుకే పెట్టడం లేదని నా అనుమానం, తప్పయితే చెప్పండి.

మా పని ఎలా వస్తుందో కూడా చెప్పాలి. ఒక పెళ్లిలో పూలజడ చూసిన ఆడపడుచు మూడు నెలల తర్వాత ఫోన్ చేస్తుంది. పంతులుగారు ముహూర్తం పెట్టేటప్పుడే, డెకరేషన్‌కి ఎవరినైనా అనుకున్నారా అని మా పేరు చెప్తారు. ఫోటోగ్రాఫర్లు చెప్తారు, మేమూ వాళ్ల పేరు చెప్తాం. గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకుంటే పైసా కట్టనక్కర్లేదు, దాన్ని చూసి దారి కనుక్కుని షాపుకే వచ్చినవాళ్లు ఉన్నారు. అయినా మీ దగ్గరికి ఎందుకు వచ్చాం అంటే, ఇప్పుడు పెళ్లి పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి అక్కడి నుంచే అన్నీ చూసుకుంటున్నారు, పెళ్లి మాత్రం ఊళ్లో చేసుకుంటున్నారు. వాళ్లకి మేము కనిపించాలంటే ఆన్‌లైన్‌లో ఉండాలి. ఆ అవసరం నిజం. మీరు దాన్ని సరిగ్గా తీరిస్తే మీకు డబ్బు కట్టడానికి మాకు అభ్యంతరమే లేదు.

అలా వెతుక్కుంటూ మా పేజీకి వచ్చిన ఆ కొద్దిమందికి ఏం కనిపించిందో చూడండి. మండపం డెకరేషన్ 9,999 నుంచి మొదలు అని. ఆ ధర మేము ఇవ్వలేదు. మీ కంటెంట్ టీమ్ పెట్టింది, అడిగితే ధర ఉంటేనే క్లిక్స్ వస్తాయి అన్నారు. మేము కడియం మార్కెట్‌లో పూలు కొంటాం. పెద్ద ముహూర్తం రోజు ఆ చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్లు ఉంటాయో, బంతి, చామంతి, లిల్లీ రేటు ముందురోజు సాయంత్రానికి ఎక్కడికి వెళ్తుందో మార్కెట్‌లో నిలబడితేనే తెలుస్తుంది. కనకాంబరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికితోడు ఆర్కిడ్స్ కావాలంటే బయటి నుంచి తెప్పించాలి, రాత్రి ముహూర్తమైతే కూలీలకి రెండు పూటల కూలి ఇవ్వాలి, తెల్లారేలోపు మండపం విప్పి హాలు ఖాళీ చెయ్యాలి. 9,999కి మండపం వెయ్యాలంటే ప్లాస్టిక్ పూలు పెట్టాలి, మేము పెట్టం. ఆ ధర చూసి ఫోన్ చేసిన ఒక పెద్దాయన, సైట్‌లో ఒకటి పెట్టి ఫోన్లో ఇంకోటి చెప్తారా అని నన్ను మోసగత్తె అన్నట్టు మాట్లాడారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి కనిపించింది అదే. కానీ ఆ కుటుంబంలో ఇక మా పేరు ఎవరూ ఎత్తరు. ఈ ఊళ్లో పేరు పోతే ఏ ప్లానూ తిరిగి తెచ్చి ఇవ్వదు. ఆ ధర తీసేయమని రాసిన మెయిల్స్‌కి టికెట్ నంబర్లు వచ్చాయి, ధర మాత్రం ఈరోజుకీ అలాగే ఉంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం ఫోటో. మా దగ్గర పూలజడ వేయించుకున్న ఒక పెళ్లికూతురి ఫోటో, వాళ్ల అమ్మగారిని అడిగి, ఆవిడ సరే అన్నాకే మా పేజీలో పెట్టాం. ఆ ఫోటోని మీరు ఇంకో ఊళ్లో బ్రైడల్ ప్యాకేజీల ప్రకటనకి వాడారు, ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. వాళ్ల బంధువులు చూసి చెప్తే ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. అరవలేదు, కోప్పడలేదు, మిమ్మల్ని నమ్మి ఇచ్చాం కదమ్మా అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. మీ మేనేజర్‌ని అడిగితే, అప్‌లోడ్ చేసిన ఫోటోలు వాడుకునే హక్కు మాకు టర్మ్స్‌లో ఉంది అన్నాడు. నా మండపం ఫోటో మీద ఏదో హక్కు రాసుకున్నారేమో, ఆ అమ్మాయి ముఖం మీద హక్కు ఇవ్వడానికి నేనెవరిని, తీసుకోవడానికి మీరెవరు? అది ఈరోజే తీసేయండి. మా పేజీలో ఉన్న మిగతా ఫోటోలు కూడా ఎక్కడెక్కడ వాడారో రాసి పంపండి, మనుషులు కనిపించేవి అన్నీ తొలగించండి.

నియమాలు నాకూ కొంత తెలుసు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్, అంటే సైట్లు జనాన్ని తప్పుదారి పట్టించే ఎత్తుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాలు చెప్పారు. రెండే స్లాట్లు ఉన్నాయి అని లేని తొందర పెట్టడం ఒకటి, చేరడం తేలిక చేసి బయటపడడం కష్టం చేసే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఇంకొకటి. మీరు రెండే అన్న ఆ స్లాట్ల తర్వాత రాజమండ్రి డెకరేషన్ కేటగిరీలో కొత్త పేజీలు వస్తూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇది బెదిరింపు అనుకోకండి, నా డబ్బు అడగడానికి నాకున్న దారులు ఇవే.

కాబట్టి నేను అడిగేది ఇది. పెళ్లికూతురి ఫోటో ఈరోజే తీసి, తీసినట్టు రాసి పంపండి, ఆ తల్లికి చూపించాలి. 9,999 ధర ఈ వారంలో పోవాలి, ఎందుకంటే 2025 జనవరి 30 నుంచి మాఘం, ఇప్పుడు మా పేజీ చూసేవాళ్లు ముహూర్తం చేతిలో పెట్టుకుని చూస్తారు. 31,860 రూపాయలు కట్టిన కార్డుకే తిరిగి వెయ్యండి, క్రెడిట్ పాయింట్లు, ఉచిత నెలలు ఇస్తామంటే ఒప్పుకోను. ప్లాన్ ఆపేసినా పేజీలో మా కస్టమర్లు రాసిన రివ్యూలు తీసేయకండి, అవి వాళ్లు మా పని చూసి రాసినవి. మా నంబర్ మీ సేల్స్ లిస్టులోంచి తీసేయండి. జవాబు మెయిల్‌లోనే రాయండి, ఫోన్లో చెప్పిన మాటకి రుజువు ఉండదు. ప్లాన్ ఐడీ, నాలుగు వాయిదాల బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ స్క్రీన్‌షాట్, కార్తీకంలో పంపిన మెయిల్, ప్రకటన ఫోటో అన్నీ జత చేశాను.

ఇట్లు,
పెళ్లి డెకరేషన్, పూలజడల షాపు యజమాని
రాజమండ్రి