టెర్మినల్ పీకడం పరీక్ష కాదు

సంపాదకులకు,

సెల్ఫ్ కొడితే ఇంజను తిరక్కపోతే ముందు బ్యాటరీ మారుస్తారు. కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజులకే డౌన్ అయితే ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జి చేసేది, వాడుకలో డైనమో) మారుస్తారు. తీరా చూస్తే లోపం తుప్పు పట్టిన ఎర్త్ వైరులో ఉంటుంది. మామూలు మల్టీమీటరు ఒక్కటి చేతిలో ఉంటే ఈ ఖర్చు తప్పుతుంది. కానీ ఇప్పటికీ కొందరు ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేసి, బండి ఆగకపోతే ‘డైనమో బాగుంది’ అనేస్తున్నారు. ఇది మానాలి. లోడు ఒక్కసారిగా తెగినా ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్‌లోని అయస్కాంత బలం వెంటనే తగ్గదు. ఆ క్షణంలో వోల్టేజి పదుల వోల్టులకు ఎగబాకి డయోడ్లను (ఏసీని డీసీగా మార్చే భాగాలను), ఈసీయూని (బండిలోని కంప్యూటరును) కాల్చేయగలదు. పోనీ నిజమైనా తేలుతుందా అంటే, అదీ లేదు. ఒక డయోడు పోయిన ఆల్టర్నేటరుతోనూ ఇంజను నడుస్తూనే ఉంటుంది.

12 వోల్టుల బండిలో పరీక్ష బ్యాటరీతోనే మొదలుపెట్టాలి. ఇంజను ఆపి కొన్ని గంటలైన తర్వాత 12.6 వోల్టులుంటే నిండా ఛార్జి ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సగం ఉన్నదాన్ని ముందు ఛార్జరు మీద పెట్టండి. ఆల్టర్నేటరును తిప్పే బెల్టు వదులైందా, అరిగి మెరుస్తోందా చూడండి. తాళం తిప్పగానే డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగాలి. పాత బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటరును మేల్కొలిపే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది కాబట్టి, బల్బు మాడినా ఛార్జింగ్ రాకపోవచ్చు.

ఇంజను స్టార్ట్ చేశాక బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి 2000 ఆర్పీఎం దగ్గర ఉంచినా 13.5కి పైనే నిలబడాలి. 15 దాటి అక్కడే ఉండిపోతే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి. చాలా కొత్త బండ్లలో వోల్టేజిని ఈసీయూ నడిపిస్తుంది, బ్యాటరీ నిండితే కావాలనే తగ్గిస్తుంది. అలాంటిచోట 12.8 కనబడిందని ఆల్టర్నేటర్ విప్పేయకండి. లైట్లు వేసి మళ్లీ చూడండి, ఈసీయూను చదివే స్కానర్ ఉంటే పెట్టండి.

ఎక్కువమంది వదిలేసేది వైర్ల పరీక్ష. ఇంజను, లైట్లు, బ్లోయర్ అలాగే నడవనిచ్చి, మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ బీ ప్లస్ బోల్టుకు (కరెంటు బయటకొచ్చే చోటు), రెండోది బ్యాటరీ ప్లస్‌కు ఆనించండి. 0.3 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో జాయింటు వదులైంది, లేదా తుప్పు పట్టింది. ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య 0.2 లోపే ఉండాలి.

డయోడ్ల సంగతి తెలియాలంటే ఇంజను నడుస్తుండగా మీటరును ఏసీకి తిప్పి బ్యాటరీ దగ్గర చూడాలి. అర వోల్టు దాటితే అనుమానించాల్సిందే. రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి డౌన్ అయ్యేదీ కొన్నిసార్లు లీకయ్యే డయోడు వల్లే. బ్యాటరీ మైనస్ తీసి, ఆ తర్వాతే బీ ప్లస్ వైరు విప్పి, దాని కొనకు ఇన్సులేషన్ టేపు చుట్టి, మైనస్ తిరిగి బిగించి ఓ రాత్రి వదలండి. స్టార్ట్ మాత్రం చేయకండి. ఉదయానికి ఛార్జి నిలిస్తే దొంగ దొరికినట్టే.

అప్పుడైనా ఆల్టర్నేటర్ మొత్తం మార్చనక్కర్లేదు. కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు, బేరింగులు చాలా మోడళ్లకు విడిగా దొరుకుతాయి. బ్రష్‌లు రాసుకునే స్లిప్ రింగులు లోతుగా గాడి పడితే మాత్రం కొత్త బ్రష్‌లు వేసినా ఎక్కువ కాలం ఆగవు.

గ్యారేజీల వారికి ఒక విన్నపం: ఆల్టర్నేటర్ మార్చమని చెప్పేముందు ఈ రీడింగులన్నీ బిల్లు వెనకే రాసివ్వండి.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్