అచ్చుకాని రెండు పేర్లు

కావలి,
ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ క్షేమ సమాచారాలు ఫోనులో తెలుస్తూనే ఉన్నాయి గనుక సరాసరి విషయానికి వస్తాను.

జర్నలిజం అవార్డులకు న్యాయనిర్ణేతగా రమ్మని పిలుపు వచ్చిందని నువ్వు చెప్పగానే మీ అమ్మ పొంగిపోయింది. నువ్వు మాత్రం, "పత్రికలో వార్తలు దిద్దే డెస్కు వదిలి పదేళ్లయింది నాన్నా, పాఠాలు చెప్పుకునేదాన్ని, ఎండలో తిరిగి రాసేవాళ్ల పనిని తూచడానికి నేనెవరిని?" అన్నావు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. నాలుగు రోజులుగా అదే ఆలోచన.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నువ్వు ఇంకా బడిలో చేరని రోజులు. నేను కావలి నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌ని. వాయుగుండం పట్టిన ఒక సాయంత్రం, తుమ్మలపెంట నుంచి వేటకు వెళ్లిన పడవ తిరిగి రాలేదని కబురు వచ్చింది. బస్టాండులో ఇద్దరిని, ఆస్పత్రి దగ్గర ఇద్దరిని అడిగాను. అందరి మాటా ఒకటే. నాలుగు పేర్లు రాసుకుని, నలుగురూ చనిపోయారని వార్త పంపేశాను. ఎనిమిదింటికి నెల్లూరు డెస్కు నుంచి సబ్ ఎడిటర్ ఫోను చేశారు. "నువ్వు వెళ్లావా?" అన్నారు. లేదన్నాను. "శవాలను చూసినవాళ్లు ఎవరు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ వానలోనే సైకిలు వేసుకుని వెళ్లాను. అప్పటికే ఇద్దరు వేరే పాలెం దగ్గర ఒడ్డుకు కొట్టుకువచ్చి, నడిచి ఇల్లు చేరారు. ఒకతను పొయ్యి దగ్గర కూర్చుని గంజి తాగుతున్నాడు. నా కాగితంలో అతను చనిపోయి మూడు గంటలైంది. వాళ్లమ్మ నాకూ ఒక గిన్నెలో పోసి ఇచ్చింది. గొంతు దిగలేదు. తిరిగి ఊళ్లోకి వచ్చి, మూసిన ఎస్టీడీ బూతు తలుపు కొట్టి లేపి, రెండు పేర్లు తీయించాను.

ఆ సబ్ ఎడిటర్‌కు ఏ బహుమతీ రాలేదు. వచ్చే దారి కూడా లేదు. అచ్చయిన వార్తను అవార్డుకు పంపవచ్చు గానీ, అచ్చుకాకుండా ఆగిన తప్పును ఏ కవరులో పెట్టి పంపుతారు? ఆయన చేసిన పని విలువ, అలాంటి రాత్రులు గడిపినవాళ్లకే తెలుస్తుంది. అందుకే బహుమతులు నిర్ణయించే చోట డెస్కు మీద పనిచేసినవాళ్లు ఉండి తీరాలని నా నమ్మకం. నువ్వు ఆరేళ్లు పనిచేశావు. అది పదేళ్లలో ఎక్కడికీ పోదు.

అమెరికాలో 1981లో జరిగింది నీకు తెలిసిందే, అయినా మళ్లీ గుర్తు చేస్తాను. వాషింగ్టన్ పోస్టులో జానెట్ కుక్ అనే విలేకరి, హెరాయిన్‌కు బానిసైన ఎనిమిదేళ్ల పిల్లవాడి గురించి అంతకుముందు ఏడాది రాసింది. నగరమంతా వెతికినా ఆ పిల్లవాడు దొరకలేదు. అయినా ఆ కథనానికే అక్కడి పెద్ద జర్నలిజం బహుమతి పులిట్జర్ వచ్చింది. దాన్ని పంపింది స్థానిక వార్తల విభాగానికి. తుది నిర్ణయం చేసే పై బోర్డు దాన్ని ఫీచర్ల, అంటే ప్రత్యేక కథనాల, విభాగానికి మార్చింది. ఫీచర్ల న్యాయనిర్ణేతలు దాన్ని చదవనే లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ చివరి మాటే. చివరికి గుట్టు బయటపడింది ఎలా? ఆమె అంతకుముందు పనిచేసిన టొలీడో పత్రికవాళ్లు ఆమె చదువుల వివరాలు చూసి, ఇవి మా దగ్గర ఉన్నవాటితో కలవడం లేదే అన్నారు. అక్కడి నుంచి లాగితే పిల్లవాడే లేడని తేలింది. బహుమతి వెనక్కి వెళ్లింది.

ఇక పాఠాలు చెప్పుకునేదాన్ని అన్నావు చూడు, అక్కడే నీతో గట్టిగా విభేదిస్తాను. 1932లో న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి వాల్టర్ డ్యురాంటీకి పులిట్జర్ ఇచ్చారు. ఆ తర్వాత ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోతుంటే కరువే లేదని రాసిన మనిషి అతను. 2003లో ఆ పాత వార్తలను పరిశీలించమని ఆ పత్రికే కొలంబియా విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యుడు మార్క్ వాన్ హేగెన్‌ను అడిగింది. సోవియట్ ప్రభుత్వం చెప్పిందే రాశాడు, బహుమతి వెనక్కి తీసుకోవాలి అన్నారు ఆయన. ఉద్దేశపూర్వకంగా మోసం చేశాడనడానికి తగిన ఆధారం లేదని బోర్డు వెనక్కి తీసుకోలేదు. నేను ఆచార్యుడి పక్షమే. డెస్కు మీద ఉన్నవాడికి ఆ రాత్రి గడిస్తే చాలు. ఎవరి గొంతు వార్తలోకి రాలేదో వెతకడానికి తీరిక ఉండదు. ఆ తీరిక, ఆ చదువు నీకు ఉన్నాయి.

మన దేశంలో నేను తలుచుకునే పేరు బి.జి. వర్ఘీస్. హిందుస్థాన్ టైమ్స్ సంపాదకుడిగా ఉండగా, ఢిల్లీ దగ్గరి ఛతేరా అనే పల్లెకు విలేకరులను పదే పదే పంపి, అక్కడి బావులూ పంటలూ బడీ గురించి ఏళ్ల తరబడి రాయించారు. 1975లో ఆ ఉద్యోగం పోయింది. మీడియా ఫౌండేషన్‌ను స్థాపించినవాళ్లలో ఆయన ఒకరు. మహిళా జర్నలిస్టులకు చమేలీదేవి జైన్ అవార్డు ఇచ్చేది ఆ సంస్థే. పల్లెను ముఖ్యమైన వార్త అనుకున్న మనిషి అవార్డును తలపెడితే, అందులో పల్లెకు చోటు ఉంటుంది.

ఆ మాటకు వస్తే మన జిల్లాలోనే చూడు. 1992లో దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా అంగడిని మూయించారు. 1993కు రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ రెండేళ్లూ ఊరూరా తిరిగి వార్తలు పంపినవాళ్లలో ఎక్కువమంది మావంటి కంట్రిబ్యూటర్లే. వార్త పైన పేరు ఉండేది కాదు, అచ్చయిన కొలతను బట్టి డబ్బు. నీ ముందుకు వచ్చే ఎంట్రీల్లో అందంగా ముద్రించిన పెద్ద పత్రికల కట్టలు ఉంటాయి, వాటి మధ్య ఎక్కడో ఒక జిల్లా పేజీ కటింగు నలిగిపోయి ఉంటుంది. దాన్ని ముందు చదువు. అలసిపోయాక చదివితే దానికి అన్యాయం జరుగుతుంది.

నీ దగ్గర చదువుకున్నవాళ్ల ఎంట్రీ వస్తే ఆ విభాగం నుంచి లేచి వచ్చేయి. ఎవరూ అడగకముందే చెప్పేయి.

మీ అమ్మ నీకోసం గోంగూర పచ్చడి పెట్టింది, పెదనాన్నతో పంపుతున్నాం. తుమ్మలపెంట వార్త కటింగు ఇన్నాళ్లూ నా డైరీలో దాచుకున్నాను. ఈ కవరులో పెడుతున్నాను. అందులో రెండు పేర్లే ఉంటాయి.

ఆశీస్సులతో,
నాన్న