టికెట్ రేటు పెంచే ముందు: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి
శ్రీ కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారికి,

నమస్కారం.

2024 జూలై 12న ‘భారతీయుడు 2’ విడుదలైంది. మీ ప్రభుత్వం ఆ సినిమాకు వారం పాటు సింగిల్ స్క్రీన్‌లో 50 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో 75 రూపాయలు అదనంగా వసూలు చేసుకోమని అనుమతి ఇచ్చింది. రోజుకు ఐదో ఆటకు కూడా ఒప్పుకుంది. ఆ వారంలోనే టికెట్ కొనుక్కుని చూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. సినిమా నచ్చకపోతే మంత్రికి ఉత్తరం రాయడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నచ్చని సినిమాలు చాలానే వస్తాయి, వాటి గురించి ఎవరూ మీకు రాయరు. ఈ సినిమా సంగతి వేరు. చట్టాన్ని చేతుల్లోకి తీసుకుని మనుషుల్ని చంపే హీరోను జనం ముందు నిలబెట్టి, ఎందుకు చంపుతున్నాడో చెప్పకుండా వదిలేసిన సినిమా ఇది. దానికి సర్కారు వారే రేటు పెంచి ఇచ్చారు.

మొదటి ‘భారతీయుడు’ 1996లో వచ్చింది. అందులో హీరో సేనాపతి కత్తి ఎందుకు పట్టాడో ఆ సినిమా చూసిన ఎవరిని అడిగినా చెబుతారు. ఒళ్లంతా కాలిపోయిన కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్తాడు. లంచం ఇస్తే గానీ పని జరగదు. ఆయన ఇవ్వడు. పిల్ల చనిపోతుంది. అక్కడ చూసేవాళ్ల ప్రాణం కొట్టుకుంటుంది. ఆ డబ్బేదో వాళ్ల మొహాన పడేస్తే పిల్ల బతికేది కదా అనిపిస్తుంది. అలా అనిపించేలా రాయడంలోనే ఆ కథ గొప్పతనం ఉంది, ఎందుకంటే ఆ పట్టుదలకు మొదటి మూల్యం చెల్లించింది ఆయనే. తర్వాత కన్నకొడుకు వంతు వస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న ఆ కొడుకు లంచం తీసుకుని పాడైపోయిన బస్సుకు సర్టిఫికెట్ ఇస్తాడు. స్కూలు పిల్లలు చనిపోతారు. తల్లి కాళ్లావేళ్లా పడినా సేనాపతి కొడుకును వదలడు. ఆయన చేసింది ఒప్పా తప్పా అని ఇళ్లలో వాదించుకున్నారు జనం. వాదించుకోవడానికి ఆ కథలో సరుకుంది.

చిరంజీవి ‘ఠాగూర్’ సంగతీ అంతే. కూలిపోయిన భవనం కింద భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న లెక్చరర్ అతను. అతని కోపం ఎక్కడ పుట్టిందో మనకు తెలుసు.

రెండో భాగంలో సేనాపతి తైవాన్ రాజధాని తైపేలో ఉంటాడు. ఇక్కడ యూట్యూబ్ చానల్ నడిపే కుర్రాళ్లు తిరిగి రమ్మని హ్యాష్‌ట్యాగ్ పెడతారు, ఆయన వచ్చేస్తాడు. ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నాడో, ఇప్పుడెందుకు కదిలాడో, ఆయన లోపల ఏం జరిగిందో చెప్పే సన్నివేశం ఒక్కటీ గుర్తుండదు. వందేళ్లు దాటినవాడు ఫైట్లు చేస్తున్నాడని చాలామంది ఎగతాళి చేశారు. నాకు అది అడ్డం కాలేదు, సినిమా అన్నాక ఆ మాత్రం సర్దుకుపోతాం. సర్దుకోలేనిది కారణం లేని చావుల వరస. ఒక్కొక్కర్నీ ఒంట్లోని మర్మస్థానాల మీద కొట్టే మర్మకళతో, ఒక్కో రకంగా చంపుతుంటే చూస్తూ కూర్చోవాలి.

బాధేమిటంటే అందులో మంచి కథ ఉంది. ఎవరి ఇల్లు వాళ్లు శుభ్రం చేసుకోండని సేనాపతి పిలుపు ఇస్తాడు. పిల్లలు సొంత తల్లిదండ్రుల అవినీతిని బయటపెడతారు. నమ్మి ఆ పని చేసిన కుర్రాడు తల్లిని పోగొట్టుకుంటాడు. లంచం సొమ్ముతో పెరిగిన పిల్లవాడు తండ్రిని పట్టిస్తే ఆ ఇంట్లో రాత్రి అన్నం దగ్గర ఎలా ఉంటుంది? మన కాలనీల్లో ప్రతి వీధిలో ఉన్న కథ అది. దాన్ని హడావిడిగా దాటేసి, మిగతాది మూడో భాగంలో చూడమన్నారు. విడుదలయ్యాక నిడివి 12 నిమిషాలు తగ్గించారు గానీ, రాయని సీన్లు కత్తిరిస్తే రావు కదా.

ఇది వినోదానికి సంబంధించిన మాటే అయితే ఇక్కడితో ఆపేసేవాణ్ని. 2019 డిసెంబర్ 6 మీకు గుర్తుండే ఉంటుంది. చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. ఆ పూలకు సినిమాలే కారణమని నేను అనను. ఆడపిల్లల భద్రత మీద అందరికీ ఉన్న భయం, కోర్టుల ఆలస్యం మీద విసుగు, అన్నీ ఉన్నాయి. కానీ అలాంటి చోట బతుకుతున్న మనకు, ‘వీడు చెడ్డవాడు, కాబట్టి చావాలి’ అని మూడు గంటలు చెప్పి, చంపేవాడి మనసులోకి ఒక్క నిమిషం కూడా తీసుకెళ్లని సినిమా మంచిది కాదు. మొదటి సేనాపతి మనల్ని ఇబ్బంది పెట్టాడు. రెండో సేనాపతి చప్పట్లు మాత్రమే అడుగుతాడు.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. ఆ జూలైలోనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ఒక షరతు పెట్టారు. రేట్లు పెంచుకోవాలంటే డ్రగ్స్, సైబర్ నేరాల మీద నటీనటులు అవగాహన వీడియో చేయాలన్నారు. ఈ సినిమా బృందం డ్రగ్స్ మీద వీడియో చేసింది, ముఖ్యమంత్రి కృతజ్ఞతలు చెప్పారు. ఉద్దేశం మంచిదే. అయితే ఈ సినిమాకు పట్టిన జబ్బు కూడా అదే అండీ. మెసేజ్ ఒకటి ఉంటే చాలు, మిగతాది ఎవరూ అడగరన్న ధీమా. మెసేజ్‌కు బదులుగా రేటు పెంపు ఇస్తే ఆ ధీమాకు మీరే బలం ఇచ్చినట్టు అవుతుంది. పైగా ఆ ఖర్చు పడింది ప్రేక్షకుడి మీద. నలుగురున్న ఇంటికి మల్టీప్లెక్స్‌లో 300 రూపాయలు అదనం. సినిమా ఎలా ఉందో ఇంకా ఎవరికీ తెలియని మొదటి వారంలోనే అది కట్టాలి.

సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయాక, 2024 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే ఇకపై రేట్ల పెంపు ఉండదన్నారు. నెల తిరక్కుండానే సంక్రాంతి సినిమాకు పెంపు ఇచ్చి, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి తీసుకున్నారు. అసెంబ్లీలో అన్న మాటను అన్ని సినిమాలకూ, పెద్ద హీరో, చిన్న హీరో తేడా లేకుండా అమలు చేయండి. ఇదే నా మొదటి మనవి.

ఏ కథ తీయాలో, ఏది తీయకూడదో ప్రభుత్వం చెప్పాలని నేను కోరడం లేదు. సెన్సార్ కేంద్రం చేతిలో ఉంది, ఉన్నది చాలు. మీ చేతిలో ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉంది. దిల్ రాజు గారి లాంటి అనుభవం ఉన్న నిర్మాతను దానికి చైర్మన్‌గా పెట్టారు. ఆ సంస్థ తరఫున స్క్రిప్ట్ రాసేవాళ్లకు శిక్షణ పెట్టించండి. నల్గొండలోనో, వరంగల్‌లోనో, ఆదిలాబాద్‌లోనో కూర్చుని రాసుకునే పిల్లలు హైదరాబాద్ వచ్చి ఆఫీసుల చుట్టూ తిరగకుండా నేర్చుకునే దారి చూపండి. ఏడాదికి పది మందికైనా, స్క్రిప్ట్ పూర్తయ్యే దాకా నెలనెలా కొంత డబ్బు ఇవ్వండి. మీ ప్రభుత్వం సినిమాలకు ఇచ్చే గద్దర్ అవార్డుల వేదిక మీద వాళ్ల స్క్రిప్టుల్లో ఒకదాన్ని ఎంపిక చేసి, సినిమాగా తీసే నిర్మాతను అక్కడే పిలవండి.

దీని మీద మీ శాఖ నుంచి జవాబు వస్తుందని ఎదురుచూస్తాను.

ఇట్లు,
టికెట్ కొని సినిమా చూసే ఒక ప్రేక్షకుడు