అరిసెలు మానకు అమ్మా

ఎడ్మంటన్, కెనడా,
డిసెంబరు 7, ఆదివారం

అమ్మకి,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా చెవిలోనే తిరుగుతోంది. "పిల్లలు లేని ఇంట్లో అరిసెలెందుకే, నాలుగు కొట్లో కొని తెచ్చుకుంటాంలే" అన్నావు. అప్పటికి ఊఁ అన్నాను. ఫోన్లో నాకు దేనికైనా ఊఁ అనడమే వస్తుంది. నువ్వు తిన్నావా అంటావు, నేను మోకాళ్ళెలా ఉన్నాయంటాను, ఇంతలో మా పిల్లాడు ఏదో కింద పడేస్తాడు, అయిపోతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఫొటోలు తీసి నాన్న ఫోన్‌కి పంపుతాను, అసలు కాగితాలు వెనకాల పోస్టులో నింపాదిగా వస్తాయి.

ఇవాళ ఇక్కడ మైనస్ 19. పొద్దున్న ఎనిమిదిన్నర అయితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగుంబావుకి వెళ్ళిపోతాడు. ఆ ఉన్న కాసేపూ ఎండ కాస్తుంది గానీ వెచ్చదనం ఉండదు, ఫ్రిజ్‌లో లైటులాగ. రాత్రిపూట కారుకి కరెంటు ప్లగ్గు పెట్టాలి. ఛార్జింగుకి కాదు, ఇది పెట్రోలు బండే. ఇంజిను మరీ చల్లబడిపోయి పొద్దున్నే మొరాయించకుండా లోపల చిన్న హీటరు ఉంటుంది, దానికి. ఇది నాన్నకి చదివి వినిపించు. 18 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టి, పైన నీ శాలువా కూడా కప్పుకుని బీచ్‌రోడ్డుకి వాకింగ్‌కి వెళ్ళే మనిషి కదా.

నవ్వుతున్నాను గానీ ఆ వాకింగ్ మీద నాకు ఎంత ఈర్ష్యో. తెల్లారకట్ట బళ్ళు రాకుండా బీచ్‌రోడ్డు మూసేస్తే, ఆ రోడ్డంతా మనదే అన్నట్టు నడిచేవాళ్ళం. సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్ళి వెనక్కి తిరగడం నాన్న రూలు. ఏడాదిలో పది నెలలు ఉక్కపోతకి ఉడికిపోయే మన వైజాగ్ జనానికి చలి అంటే పండగే. పాత స్వెట్టర్లు, కలరా ఉండల వాసనతో సహా, ఒంటి మీదకి వచ్చేస్తాయి. పెద్దగా చలి లేకపోయినా "అబ్బ, ఏం చలండీ" అని ఒకరికొకరు చెప్పుకుంటారు, అదో సంబరం. ఇక్కడ మైనస్ 30లో కూడా ఎవరూ ఆ మాట అనరు. గడ్డకట్టిన చెరువు మీద పిల్లల చేత స్కేటింగ్ చేయిస్తూ నవ్వుతూ నిలబడతారు. నేను కూడా ఒకసారి అర్ధరాత్రి ఉత్తర కాంతులు చూడ్డానికి బయటికెళ్ళాను. ఆకాశం అంతా ఆకుపచ్చగా కదులుతోంది. అందంగా లేదని అనను. కానీ ఐదు నిమిషాలే చూడగలిగాను, ఆ తర్వాత నాకు నా ముక్కు ఉందో లేదో తెలియలేదు.

మార్గశిరం నడుస్తోంది కదా, మొన్న గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళావా? గురువారం అంటూ నువ్వు మమ్మల్ని బుధవారం అర్ధరాత్రే లేపేసి తీసుకెళ్ళేదానివి. ఆ సందుల్లో క్యూ, చేతిలో పాల చెంబు ఒలికిపోతుందని టెన్షన్, వెనకావిడ కొబ్బరికాయ నా వీపుకి గుచ్చుకోవడం. ఇంతా చేస్తే అమ్మవారి ముందు నిలబడేది రెండు క్షణాలు. కానీ ఆ రెండు క్షణాల్లో మన చేత్తోనే పాలు పోసి, మన చేత్తోనే పసుపు రాస్తాం. ఇంకే గుళ్ళోనూ నన్ను అంత దగ్గరకి రానివ్వలేదు. పైన కప్పు లేదు కదా, "అమ్మవారికి చలెయ్యదా?" అని నేనడిగితే, "అందుకేగా ఇంతమందిమి వస్తున్నాం" అన్నావు. నీకు గుర్తుండదు. మొన్న వీడు "దేవుడికి జాకెట్టు లేదా?" అని అడిగాడు, నేను కూడా అదే చెప్పాను.

అసలు చెప్పాలనుకున్నది బెల్లం గురించి.

అమ్మమ్మ ఊరు తలుచుకుంటే నాకు ముందు వచ్చేది గానుగ దగ్గరి వాసన. ద్వారకా బస్ స్టేషన్లో చోడవరం బస్సెక్కి, అక్కణ్ణించి ఇంకో బండి పట్టుకుని వెళ్ళేసరికి సాయంత్రం మంచు దిగుతుండేది. వరి కోసేసిన మళ్ళు, కుప్పలు, ఆ పక్కన చెరకు తోట, దాని వెనక పొగ. తాతయ్య గానుగ అక్కడ. పిండేసిన చెరకు పిప్పినే ఎండబెట్టి పెనం కింద మంటకి వాడేవారు, వేరే కట్టెలు అక్కర్లేదు. రసం ముందు బురదనీళ్ళలా ఉంటుంది. మరుగుతుంటే పైకి మడ్డి తేలుతుంది, అది తీసి పారేస్తూనే ఉండాలి. కొంచెం సున్నం పడాలి. ఎంత అని అడిగితే మామయ్య "పడాల్సినంత" అనేవాడు, అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు. రాత్రి చలికి వీపు వణుకుతుంటే ముందు వైపు మాత్రం కాలిపోతుండేది, అటూ ఇటూ తిరుగుతూ అప్పడంలా కాగేవాళ్ళం. కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి అమ్మమ్మ గిన్నెతో పంపేది. ఆ వెలుగులోనే ఒలుచుకు తినడం, పురుగున్న కాయ ఎవరికొస్తే వాళ్ళని ఏడిపించడం.

పాకం దగ్గర పడ్డాక తాతయ్య చిన్న గరిటెతో తీసి చల్లటి నీళ్ళలో వేసేవారు. వేలితో అటూ ఇటూ తోస్తే విడిపోకుండా మెత్తటి ఉండ కట్టేది. అంటే దాదాపు వచ్చేసినట్టే. ఆ ఉండ పిల్లలదే, అది కుదిరిన తర్వాతే పెనం దింపడం. అరిసెల పాకం చూడ్డం నేను నీ దగ్గర నేర్చుకున్నాననుకుంటున్నావు గానీ, నాకు అది అక్కడే తెలిసింది. నువ్వు స్టవ్వు దగ్గర పళ్ళెంలో నీళ్ళు పోసుకుని పాకం చుక్క వేసినప్పుడల్లా నాకు తాతయ్య చెయ్యే కనిపించేది. నీకూ అంతే అయివుంటుంది, నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు గానుగా లేదు, తాతయ్యా లేరు, ఆ పొలంలో ఏం వేశారో కూడా నాకు తెలీదు. ఆ ఉండ మాత్రం ఏడాదికోసారి మన వంటింట్లో పళ్ళెంలోకి వస్తుంది. అందుకే నువ్వు కొట్లో కొంటానంటే నాకు బాధేసింది. కొట్లో అరిసెలు బాగోవని కాదు. కొన్ని బాగానే ఉంటాయి కూడా.

పోయినేడు నేనిక్కడ చేశాను. నీకు "బాగా వచ్చాయి" అని చెప్పాను, అబద్ధం. బియ్యం ఒక రోజంతా నానబెట్టి, వడేసి, మిక్సీలో తిప్పి, జల్లించి, అలసిపోయి పిండి మీద మూత పెట్టకుండా పడుకున్నాను. ఇక్కడ ఇళ్ళలో హీటరు గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తలుపు పిడి ముట్టుకుంటే చిన్న షాక్ కొడుతుంది. తెల్లారేసరికి తడిపిండి కాస్తా ముగ్గుపిండి అయింది. పాకం కుదిరింది, ఉండ కూడా వచ్చింది, కానీ ఆ పిండితో చలిమిడి ఎక్కడ అవుతుంది? నూనెలో వేస్తే ఒక్కో అరిసె పది ముక్కలైంది. అవి మాడి, పొగొచ్చి, అలారం మోగి, మైనస్ 20లో కిటికీలు బార్లా తెరిచాం. వీడు దుప్పటి కప్పుకుని చప్పట్లు కొట్టాడు. ముక్కల్ని మీ అల్లుడు పాలల్లో వేసుకుని వారం రోజులు తిన్నారు, పాపం, ఏమీ అనలేదు.

భోగిపళ్ళ సంగతీ అంతే. ఇక్కడ రేగుపళ్ళు దొరకలేదు. క్రాన్‌బెర్రీలు, చెరకు ముక్కలు, చిల్లర కలిపి తల మీద పోశాం. చెరకు ముక్కలు డబ్బాలోవి. చెబుతుంటే నాకే నవ్వొస్తోంది.

16న నెలగంట పెడతారు. హరిదాసు ఇంకా మన వీధికి వస్తున్నాడా? ముగ్గులు ఎవరు వేస్తున్నారు? నువ్వు వంగొద్దు, కింది వాటా అమ్మాయికి చెప్పు, తనకి చుక్కల ముగ్గులంటే సరదా. ఈసారి అరకు వెళ్దామన్నారు నాన్న, వెళ్ళారా? వలిసె పూలు ఇంకా ఉండొచ్చు, కిరండూల్ బండికే వెళ్ళండి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం కేక వేస్తుంటే నాన్న విసుక్కునేవారు, నువ్వు మాత్రం మాతో కలిసి కేకేసేదానివి.

అరిసెలకి ఎక్కువ వద్దు. రెండు సోలల బియ్యం చాలు. పిండి మరకి పంపించు, ఆ జల్లించడాలు నువ్వు పెట్టుకోకు. అనకాపల్లి బెల్లం పూర్ణా మార్కెట్లో మనం కొనే కొట్లోనే తీసుకోండి, మరీ పసుపు పచ్చగా మెరిసేది వద్దు, కాస్త ముదురు రంగుది చూడమను. పాకం నువ్వు చూడు, తిప్పడం నాన్న. నొక్కే చెక్కలు అటక మీద ఇత్తడి బిందె వెనకాల, పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉన్నాయి. పెళ్ళికి ముందు సంక్రాంతికి నేనే అక్కడ పెట్టాను. పాకం చుక్క నీళ్ళలో వేసేటప్పుడు మాత్రం నాకు వీడియో కాల్ చెయ్యి. ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

భోగి రోజు మీకు తెల్లవారి అయిదున్నర అంటే ఇక్కడ ముందు రోజు సాయంత్రం 5. ఆ వేళకి అక్కడ ఇంకా చీకటే, ఇక్కడ చీకటి పడుతుంటుంది. నేను ఆఫీసు నుంచి త్వరగా వచ్చేస్తాను. మంటకి ఎదురుగా ఎక్కడైనా ఫోన్ నిలబెట్టండి, మాట్లాడక్కర్లేదు. పిడకల దండ మంటలో వెయ్యడం వీడికి చూపించాలి.

నీ చిన్నమ్మాయి

నాన్నకి: తేగలు కొన్నప్పుడల్లా గ్రూపులో ఫొటో పెడుతున్నారు. దయచేసి అది మానండి.