మా పిల్లకు పట్టింది దయ్యం కాదు, ఫిట్స్

సంపాదకులకు నమస్కారం.

దేవదూతలు, దయ్యాల మీద క్రైస్తవుల నమ్మకం గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. అవన్నీ మూఢనమ్మకాలని రాసినాయన ఒక్క మాటలో కొట్టేశారు. నేను అట్లా కొట్టెయ్యలేను. బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినదాన్ని, దేవదూతలు ఉన్నారని నమ్ముతాను, సాతాను ఉన్నాడని కూడా నమ్ముతాను. ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎంగా దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ళలో, తండాల్లో పిల్లలకు సూదులు వేసినదాన్ని కూడా. ఈ రెండింటికీ నాలో ఎన్నడూ పేచీ రాలేదు. పేచీ వచ్చింది మా ఇంట్లో, నా చెల్లెలి బిడ్డ దగ్గర. అందుకే ఈ ఉత్తరం ఆ వ్యాసం రాసినాయనకంటే ఎక్కువగా మా విశ్వాసులకే రాస్తున్నాను.

పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ తోముకుంటూ పడిపోయింది. కళ్ళు తేలేసి, నోట్లో నురగ, చేతులు కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మా చెల్లె పరుగెత్తుకొచ్చి బీరువా తాళంచెవుల గుత్తి ఆ పిల్ల పిడికిట్లో పెట్టిందంట, మన దగ్గర అందరూ చేసేది అదే కదా. తర్వాత నల్లగొండలో డాక్టరుకు చూపిస్తే తలకు పరీక్ష చేసి, ఫిట్స్ అని చెప్పి గోలీలు రాశారు, ఒక్కపూట కూడా మానొద్దని మరీ మరీ చెప్పారు. ఐదు నెలలు ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరో చెబితే ఒక ప్రార్థన కూటానికి తీసుకుపోయారు. మూడు శుక్రవారాలు ఉపవాసం. నలుగురు పట్టుకుని, తల మీద చేతులు పెట్టి "వదిలిపో, వదిలిపో" అని అరుపులు. మూడో శుక్రవారం పిల్ల చేతికి మైకిచ్చి దయ్యం వదిలిపోయిందని సాక్ష్యం చెప్పించారు, పేరుతో సహా. ఆ మైకు నాలుగు వాడలకు వినబడుతుంది. ఇంకా గోలీలు మింగితే విశ్వాసం లేనట్టే అన్నారట, మా చెల్లె ఆ గోలీలను సజ్జ మీద బియ్యం డబ్బా వెనక దాచేసింది. నేను ఫోన్లో మొత్తుకుంటే "అక్కా, నువ్వు డాక్టర్ల మాటలే మాట్లాడుతున్నవు, నీకు నమ్మకం లేదా" అన్నది. ముప్పై ఏళ్ళ నౌకరీలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు.

పదకొండో రోజు పిల్ల గంజి వారుస్తూ పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఫిట్స్ గోలీలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ముందుకంటే గట్టిగా రావచ్చు, ఒక్కోసారి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికే రావచ్చు, ఇది నర్సింగ్ చదువుకున్న ఎవరికైనా తెలిసిన విషయం. ఆస్పత్రిలో రాత్రి నేను పక్కన కూర్చుంటే కట్టు కట్టిన చెయ్యి వంక చూసుకుంటూ అడిగింది, "పెద్దమ్మా, నాలో నిజంగనే ఉన్నదా?" అని.

కాలేజీ బస్సులో పక్కన ఎవరూ కూర్చోవట్లేదంట. కాలిన నొప్పి కంటే అదే ఆ పిల్లను ఎక్కువ తింటున్నది.

సరే, మార్కు సువార్త 9వ అధ్యాయంలో నోట నురుగు కార్చే పిల్లాడి సంగతేమిటి అంటారు మావాళ్ళు. నిజమే, ఉంది. ఆ పిల్లాడు అగ్గిలో, నీళ్ళలో పడేవాడని వాళ్ళ నాన్న చెబుతాడు, దాంట్లో ఉన్నది అపవిత్రాత్మ అనే రాసి ఉంది, నేను దాన్ని చెరిపెయ్యను. కానీ ఆ ఒక్క పిల్లాడి కథతో ఫిట్స్ వచ్చిన ప్రతి పిల్లకూ దయ్యం అంటగడితే ఎట్లా? మత్తయి 4వ అధ్యాయం 24వ వచనం తియ్యండి. దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని మూడు మాటలు విడివిడిగా ఉన్నాయి. చాంద్రరోగం అంటే మూర్ఛే. రెండు వేల ఏళ్ళ కింద రాసినవాళ్ళకే దయ్యం వేరు, మూర్ఛ వేరు అని తెలుసు. పైగా ఆ మార్కు కథలోనే యేసు ఆ తండ్రిని ముందు అడిగింది "ఇది వీనికి సంభవించి యెంతకాలమైనది" అని. ఓపీలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. సువార్త రాసిన లూకాను అపొస్తలుడు పౌలు "ప్రియుడైన వైద్యుడు" అని పిలిచాడు. మన దగ్గరికి సువార్త తెచ్చిన మిషనరీలు కూడా ప్రార్థన ఒక్కటే చాలు అనుకోలేదు. జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ వాళ్ళు ఆస్పత్రి కట్టారు. డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో మన దేశానికి వచ్చి, శంషాబాద్‌లో వైద్యం చేస్తూ 1945లో చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయింది. ఆమెకు విశ్వాసం లేదని ఎవరైనా అనగలరా?

ఇంకో సంగతి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళను, కాళ్ళు వంకర పోయిన చిన్నపిల్లలను నా చేతులతో ఎత్తుకున్నాను. వాళ్ళను దయ్యం వంచిందని ఏ పాస్టరుగారూ అనగా నేను వినలేదు. నీళ్ళలో ఉంది అన్నాం, కృష్ణా నీళ్ళు కావాలని జిల్లా జిల్లా కొట్లాడాం. ఎముకకు ఇచ్చిన న్యాయం మెదడుకు ఎందుకు ఇవ్వం?

కథోలిక సంఘంలో భూతవైద్యానికి కట్టుబాటు ఉంది, బిషప్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఏ ఫాదరూ ఆ పని చెయ్యకూడదు. ఆ ప్రార్థన విధిని 1999లో సవరించారు, జబ్బా కాదా అన్నది ముందు తేల్చుకోవాలన్నది వాళ్ళ బోధ. మా దగ్గర మైకు దొరికిన ప్రతివాళ్ళూ దయ్యం వదిలిస్తామంటారు, అడిగేవాళ్ళు లేరు.

ఆ అరుపుల గురించి కూడా చెప్పాలి. బైబిల్లో యూదా రాసిన పత్రిక 9వ వచనంలో ప్రధానదూత మిఖాయేలు మోషే శరీరం గురించి అపవాదితో వాదించేటప్పుడు దూషించడానికి తెగించక "ప్రభువు నిన్ను గద్దించును గాక" అన్నాడంతే. ప్రధానదూత సాతానునే తిట్టలేదు, మనం పదిహేడేళ్ళ పిల్ల జుట్టు పట్టుకుని తిడుతున్నాం. పక్కింటివాళ్ళ పోచమ్మను, మైసమ్మను మైకులో దయ్యాలని అనేవాళ్ళకూ ఇదే చెబుతాను. ఎఫెసు పట్టణంలో అక్కడివాళ్ళ దేవత అర్తెమిదేవి గుడి చుట్టూ అంత గొడవైతే, ఆ ఊరి కరణమే లేచి పౌలు మనుషుల గురించి "మన దేవతను దూషింపలేదు" అన్నాడు, అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయంలో ఉంది. బోనాల రోజు నాకు అన్నం పెట్టిన ఇళ్ళున్నాయి మా వాడలో, ఆ ఇళ్ళ ముందు నేను తల ఎత్తుకుని నడవాలి.

సువార్తలో గెరాసేనుల దేశంలో దయ్యం పట్టి సమాధుల మధ్య తిరిగినవాడిని సంకెళ్ళతో కట్టేసింది ఊరివాళ్ళు. యేసు కట్టలేదు, కొట్టలేదు, రూపాయి అడగలేదు. బాగయ్యాక వాడు బట్టలు కట్టుకుని స్వస్థచిత్తుడై కూర్చున్నాడు, ఆయన వాడిని ఇంటివాళ్ళ దగ్గరికి పొమ్మన్నాడు. మనసు చెదిరినవాళ్ళను గొలుసులతో కట్టెయ్యడం మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం కూడా తప్పు. చట్టం ముందా వాక్యం ముందా అనేవాళ్ళకు ఇక్కడ రెండూ ఒక్కటే చెబుతున్నాయి.

ఆ రాత్రి పిల్ల అడిగినదానికి నేను వాదన చెప్పలేదు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదివాను. ఏలీయా ప్రవక్త ప్రాణం విసిగి, ఇక చాలు నన్ను తీసుకుపో అని బదరీ చెట్టు కింద పడుకుంటాడు. దేవదూత వస్తాడు. దయ్యం పట్టిందనడు, విశ్వాసం తక్కువైందని గద్దించడు. తట్టి లేపి "నీవు లేచి భోజనము చేయుము" అంటాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి. తిని మళ్ళీ పడుకుంటే, మళ్ళీ వచ్చి మళ్ళీ తినమంటాడు. పిల్ల అంతా విని "రెండోసారి కూడా తిట్టలేదా" అన్నది. లేదు బిడ్డా అన్నాను. పొద్దున ఇడ్లీ తిని గోలీ వేసుకుంది.

పాస్టరుగార్లకు చేతులెత్తి దండం పెట్టి అడుగుతున్నాను, ప్రార్థన చెయ్యండి, ఎంతసేపైనా చెయ్యండి, కానీ గోలీలు ఆపమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, ఆడపిల్లల పేర్లు మైకులో చెప్పించొద్దు. ఎవరికైనా ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, నోట్లో చెంచా గానీ నీళ్ళు గానీ పెట్టొద్దు, తాళంచెవులతో పని లేదు, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి. మనసు బాగాలేదనిపిస్తే 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మీ పత్రికను అడిగేది కూడా ఒకటుంది. "దయ్యం పట్టిన యువతి" అని ఫొటోతో వార్తలు వెయ్యడం మానండి. ఆ పేపరు ఊళ్ళో ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలుసు.

పిల్ల ఇప్పుడు డిగ్రీలో ఉంది. ఏడాది దాటింది, ఒక్కసారి కూడా పడలేదు. గోలీల డబ్బా సజ్జ మీద నుంచి దిగి వాళ్ళింట్లో దేవుని వాక్యం పెట్టే గూట్లో, బైబిలు పక్కన ఉంది. అక్కడ పెట్టింది మా చెల్లెనే.

- ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, దేవరకొండ, నల్లగొండ జిల్లా